పడుగు, పేక, నడుమ మాట్రిక్స్ స్విచ్చర్

సెమినార్ హాలు ప్రారంభోత్సవం మర్నాడు ఉదయం. ముందు రోజు సాయంత్రం ఉపన్యాస బల్ల మీది ల్యాప్‌టాప్‌ను కలిపితే పక్కగదిలోని పెద్ద టీవీలో బొమ్మ అద్దంలా వచ్చింది. హాలులోని రెండు ప్రొజెక్టర్లు మాత్రం నల్లగా ఉండిపోయాయి. కేబుళ్లు మార్చాం, ల్యాప్‌టాప్ మార్చాం. ప్రొజెక్టర్‌కు ల్యాప్‌టాప్‌ను నేరుగా తగిలిస్తే బొమ్మ వచ్చింది, మధ్యలో మాట్రిక్స్ స్విచ్చర్ (అనేక మూలాల బొమ్మలను కోరిన తెరలకు పంపే పెట్టె) పెడితే పోయింది. అక్కడున్న వారందరూ ఒకే నిర్ణయానికి వచ్చారు: మాట్రిక్స్ పాడైపోయింది, వెనక్కి పంపాలి. నేనూ దాదాపు ఒప్పుకున్నాను. రాత్రి తొమ్మిదిన్నరకు అసలు కారణం దొరికింది. మాట్రిక్స్ మెనూలో ఒక్క ఎంపిక మార్చగానే రెండు ప్రొజెక్టర్లూ ఒకేసారి వెలిగాయి.

ఆ పెట్టెలో ఏ లోపమూ లేదు. అది టీవీ సామర్థ్యాన్ని ల్యాప్‌టాప్‌కు చెప్పింది. ల్యాప్‌టాప్ ఆ మేరకు 4కె అనే అతి స్పష్టమైన బొమ్మను తయారుచేసి పంపింది. అదే బొమ్మను మాట్రిక్స్ ప్రొజెక్టర్లకూ ఇచ్చింది. అంతకన్నా తక్కువ స్పష్టత గల 1080పీ వరకే తీసుకోగల ప్రొజెక్టర్లకు అది అందలేదు.

ఆ తర్వాత నేను చూసిన మాట్రిక్స్ ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ కోవకే చెందాయి. లోపలి స్విచ్ మారకపోవడం అరుదు. రెండు కొనల పరికరాల మధ్య సాగాల్సిన సంభాషణ దారి తప్పడమే తరచుగా జరిగేది. కాబట్టి ఈ పెట్టెను ఎలా కలపాలో, ఎలా నడపాలో చెప్పేటప్పుడు బటన్ల కన్నా ఆ సంభాషణ గురించే నేను ఎక్కువ చెబుతాను.

కూడళ్ల లెక్క

మగ్గం మీద పడుగు పోగులు నిలువునా సాగి ఉంటాయి, పేక పోగులు వాటికి అడ్డంగా నడుస్తాయి. మాట్రిక్స్ లోపలి అమరిక అచ్చంగా ఇదే. ఇన్‌పుట్లను పడుగు అనుకోండి, అవుట్‌పుట్లను పేక అనుకోండి. ప్రతి పడుగూ ప్రతి పేకనూ దాటే చోట ఒక చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని క్రాస్‌పాయింట్ అంటారు. 8 ఇన్‌పుట్లు, 8 అవుట్‌పుట్లు ఉన్న పెట్టెలో అలాంటి కూడళ్లు 64. ఒక ఇన్‌పుట్‌ను ఎన్ని అవుట్‌పుట్లకైనా ఒకేసారి పంపవచ్చు. ఒక అవుట్‌పుట్ మాత్రం ఒక సమయంలో ఒక్క ఇన్‌పుట్‌నే తీసుకోగలదు. ఈ నియమం ఒక్కటి మనసులో ఉంటే చాలు, ఎంత పెద్ద మాట్రిక్స్ అయినా భయపెట్టదు. ప్రతి అవుట్‌పుట్‌కూ 8 ఎంపికలు ఉన్నాయి కాబట్టి మొత్తం అమరికలు 1,67,77,216. మనకు కావలసినవి వాటిలో ఏ ఆరో ఏడో. అవేమిటో ముందుగా తేల్చుకోవడమే పనిలో సగం.

ఈ ఆలోచన వీడియోతో పుట్టింది కాదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఎవరి లైనునైనా ఎవరి లైనుతోనైనా కలపడానికి ఇలాంటి అల్లికనే వాడారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో బెల్ సంస్థ 1938లో ప్రారంభించిన క్రాస్‌బార్ ఎక్స్ఛేంజీ అలాంటిదే. తర్వాత టీవీ స్టూడియోలు ఆ పద్ధతిని అందుకుని దానికి రూటర్ అని పేరు పెట్టాయి. ఇంటర్నెట్ రూటర్‌తో దానికి సంబంధం లేదు.

కొనేవారు ఇక్కడే పొరబడుతుంటారు. అనేక మూలాల నుంచి ఒక తెరకు పంపేది మామూలు స్విచ్. ఒక మూలం నుంచి అనేక తెరలకు పంచేది స్ప్లిటర్. ఆ రెంటినీ కలిపి, ఏ తెరకు ఏ మూలమో విడివిడిగా నిర్ణయించుకునే వీలు ఇచ్చేది మాట్రిక్స్. ఒకే తెర మీద నాలుగు బొమ్మలు పక్కపక్కన కావాలంటే మాట్రిక్స్ ఆ పని చేయదు, దానికి మల్టీవ్యూయర్ కావాలి. ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకు బొమ్మ మెల్లగా కరిగి మారాలంటే వీడియో మిక్సర్ కావాలి. పెళ్లి మండపంలో నాలుగు కెమెరాల బొమ్మను ఎంచి కలిపేది మిక్సర్. ఆ కలిపిన బొమ్మను ఎల్‌ఈడీ తెరకు, భోజనశాల టీవీకి, రికార్డింగుకు, ప్రత్యక్ష ప్రసారానికి వేర్వేరుగా పంపేది మాట్రిక్స్. రెండూ ఉన్న చోట మిక్సర్ అవుట్‌పుట్ మాట్రిక్స్‌కు ఒక ఇన్‌పుట్ అవుతుంది.

తీగ లాగక ముందు

ముందు కాగితం తీసుకుని ఎడమవైపు మూలాలు, కుడివైపు తెరలు రాయాలి. ప్రతి దాని పక్కన దాని గరిష్ఠ రిజల్యూషన్, అది ర్యాక్ (మాట్రిక్స్ వంటి పరికరాలు ఉంచే అర) నుంచి ఎంత దూరంలో ఉందో, దానికి శబ్దం కావాలో వద్దో రాయాలి. ఈ కాగితం లేకుండా మొదలుపెట్టిన పనుల్లో సగం రోజు ‘ఈ తీగ ఎక్కడికి వెళ్తోంది’ అని వెతకడానికే పోతుంది. తీగ రెండు కొనలకూ ఒకే సంఖ్య అంటించాలి. ఒక కొనకు అంటించి ఇంకోటి తర్వాత చూద్దామనుకుంటే ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

తర్వాత లెక్క చూసుకోవాల్సింది బ్యాండ్‌విడ్త్, అంటే తీగలో సెకనుకు ఎంత సమాచారం పారగలదో. 1080పీ బొమ్మ సెకనుకు 60 ఫ్రేములతో వెళ్లాలంటే బొమ్మనూ శబ్దాన్నీ కలిపి మోసే హెచ్‌డీఎంఐ తీగలో సెకనుకు 4.46 గిగాబిట్లు పారాలి. 4కె బొమ్మ 30 ఫ్రేములతో అయితే 8.91, పూర్తి రంగు వివరాలతో 60 ఫ్రేములైతే 17.82. హెచ్‌డీఎంఐ 1.4 రకం పరికరాలు 10.2 గిగాబిట్ల దగ్గర ఆగిపోతాయి, 2.0 రకం 18 దాకా వెళ్తుంది. కనుక డబ్బా మీద ‘4కె’ అన్న అక్షరాలు చూసి సంతోషపడకూడదు. ఎన్ని ఫ్రేములు, ఎంత రంగు అని అడగాలి. రంగు వివరాన్ని నాలుగో వంతుకు తగ్గించి 60 ఫ్రేముల 4కెను 8.91లోనే ఇమిడ్చే పద్ధతి ఉంది, దాన్ని 4:2:0 అంటారు. సినిమా చూడటానికి ఆ తేడా తెలియదు. నీలం నేపథ్యం మీద సన్నని ఎర్ర అక్షరాలున్న పట్టిక వేస్తే అంచులు చెదిరి కనిపిస్తాయి. తరగతి గదికి అది పనికిరాదు.

దూరం ఇంకో చిక్కు. 18 గిగాబిట్లు మోసే మామూలు రాగి హెచ్‌డీఎంఐ తీగను ఐదు మీటర్లు దాటించాలంటే నేను జంకుతాను. అందుకే హాళ్లలో హెచ్‌డీబేస్‌టీ వాడతారు. 2010లో వచ్చిన ఈ పద్ధతి నెట్‌వర్క్ పనులకు వాడే క్యాట్ 6 తీగ మీదనే బొమ్మనూ శబ్దాన్నీ కంట్రోల్ సంకేతాలనూ మోస్తుంది. 1080పీ అయితే 100 మీటర్లు వెళ్తుంది. 4కె అయితే మామూలు క్యాట్ 6 మీద 70 మీటర్ల దగ్గర ఆగడం మంచిది. దీనికి వాడే తీగలో అసలైన రాగి ఉండాలి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ మన బజారులో తక్కువ ధరకు దొరుకుతుంది, పైకి తేడా కనిపించదు. దాని మీద బొమ్మ కాసేపు బాగానే వచ్చి, ఆ తర్వాత ఒక్కో సెకను మాయమవడం మొదలవుతుంది. తీగను తుంచి కొనను గోరుతో గీరి చూస్తే లోపల తెల్లగా మెరుస్తుంది.

ఒక హెచ్చరిక. హెచ్‌డీబేస్‌టీ సాకెట్ చూడటానికి ఇంటర్నెట్ సాకెట్‌లాగే ఉంటుంది. దాన్ని పొరపాటున కూడా నెట్‌వర్క్ స్విచ్‌కు తగిలించకూడదు. ఆ తీగ మీద కొన్ని పరికరాలు తమ సొంత పద్ధతిలో విద్యుత్తు కూడా పంపుతాయి, అవతలి స్విచ్ కాలిపోవచ్చు. అందుకే ఆ తీగలకు నేను వేరే రంగు వాడతాను.

రెండు కొనల సంభాషణ

ఇప్పుడు అసలు విషయం. హెచ్‌డీఎంఐ ప్లగ్గులో 19 పిన్నులుంటాయి. అన్నీ బొమ్మను మోసేవి కావు. కొన్ని మాట్లాడుకోవడానికి. ల్యాప్‌టాప్ 18వ పిన్ను మీద 5 వోల్టులు పంపుతుంది, అంటే ‘నేను వచ్చాను’ అని. తెర 19వ పిన్ను మీద ‘నేను సిద్ధం’ అని జవాబిస్తుంది. అప్పుడు ల్యాప్‌టాప్ 15, 16 పిన్నుల మీదుగా తెర తన గురించి రాసుకున్న చిన్న పత్రాన్ని చదువుకుంటుంది. ఆ పత్రం పేరు ఈడీఐడీ. దాని మొదటి భాగం 128 బైట్లు. ఈ తరం తెరల్లో సాధారణంగా ఇంకో 128 బైట్ల అనుబంధం ఉంటుంది. తయారీదారు ఎవరు, ఏ రిజల్యూషన్లు వస్తాయి, ఏ రకం శబ్దం వినిపించగలదు, అన్నీ అందులోనే. ల్యాప్‌టాప్ దాన్ని చదివాకే ఏ బొమ్మ పంపాలో నిర్ణయించుకుంటుంది.

ఒక ల్యాప్‌టాప్, ఒక తెర అయితే ఇది చక్కగా సాగుతుంది. మధ్యలోకి మాట్రిక్స్ వచ్చాక ల్యాప్‌టాప్‌కు ఎదురుగా ఎనిమిది తెరలున్నాయి, ఎనిమిదికీ ఎనిమిది పత్రాలు. ల్యాప్‌టాప్ చదివేది ఒక్కటే. ఏది చూపించాలి? మాట్రిక్స్ ఇక్కడ పెళ్ళిళ్ల పేరయ్య పాత్ర పోషిస్తుంది. ఒక ఇంటి వివరాలు చెప్పి ఇంకో ఇంటికి తీసుకెళ్తే సంబంధం ఎలా చెడుతుందో, ఆ సెమినార్ హాలులో సరిగ్గా అలాగే చెడింది. ఆ పెట్టె, దానికి మనం ఏమీ చెప్పకపోతే, ఒకటో అవుట్‌పుట్ పత్రాన్నే అన్ని ఇన్‌పుట్లకూ చూపించే రకం. ఒకటో అవుట్‌పుట్‌లో మేము టీవీ తగిలించాం.

మాట్రిక్స్‌లో ఈడీఐడీకి సాధారణంగా మూడు దారులుంటాయి. ఫలానా అవుట్‌పుట్ పత్రాన్ని నకలు తీసి చూపించడం ఒకటి. అన్ని తెరలకూ ఉమ్మడిగా సరిపడే దాన్ని పెట్టెనే లెక్కగట్టమనడం రెండోది. పెట్టెలో సిద్ధంగా ఉన్న జాబితా నుంచి, ఉదాహరణకు ‘1080పీ 60, స్టీరియో’ అన్నదాన్ని ఎంచి ఆ ఇన్‌పుట్‌కు శాశ్వతంగా కట్టేయడం మూడోది. నా అభిప్రాయంలో హాళ్లకు, తరగతి గదులకు మూడోదే మేలు. రెండోది వినడానికి తెలివైనదిగా ఉంటుంది. ఎవరో ఒక పాత మానిటర్ తెచ్చి తగిలిస్తే మాత్రం ఉమ్మడి సామర్థ్యం మారిపోతుంది, ల్యాప్‌టాప్‌లన్నీ కొత్త రిజల్యూషన్‌కు సర్దుకుంటాయి, ఉపన్యాసం నడుమ అన్ని తెరలూ ఒక్కసారి నల్లబడతాయి. శాశ్వతంగా కట్టేస్తే తెరల వైపు ఏం జరిగినా ల్యాప్‌టాప్‌కు తెలియదు, తెలియకపోవడమే మనకు కావలసింది.

ప్రతి అవుట్‌పుట్ దగ్గర స్కేలర్ ఉన్న మాట్రిక్స్‌లు ఈ చిక్కును చాలావరకు తీరుస్తాయి. లోపలికి ఏది వచ్చినా ఆ తెరకు సరిపడేలా మార్చి పంపుతాయి. ఒక బొమ్మ నుంచి ఇంకో దానికి మారేటప్పుడు తెర నల్లబడదు కూడా. ధర ఎక్కువ. బొమ్మ ఒకటి రెండు ఫ్రేములు ఆలస్యమవుతుంది. 60 ఫ్రేముల బొమ్మలో ఒక ఫ్రేము అంటే 16.7 మిల్లీసెకన్లు.

శబ్దం కూడా ఈ పత్రం వల్లే మాయమవుతుందని చాలామందికి తెలియదు. హోమ్ థియేటర్ పత్రాన్ని నకలు తీసి చూపిస్తే, ప్లేయర్ ఆరు ఛానెళ్ల శబ్దాన్ని కుదించి పంపుతుంది. హోమ్ థియేటర్ దాన్ని విప్పుకుంటుంది. మాట్రిక్స్ వెనుక ఉన్న స్టీరియో అవుట్‌పుట్‌కు మాత్రం విప్పడం రాదు, అక్కడి నుంచి ఆడియో మిక్సర్‌కు వెళ్లే శబ్దం సున్నా. బొమ్మ బాగుంది, టీవీలో శబ్దం బాగుంది, హాలు స్పీకర్లలో మాత్రం నిశ్శబ్దం అంటే ముందుగా చూడాల్సింది ఇక్కడే. పత్రంలో శబ్దాన్ని రెండు ఛానెళ్ల పీసీఎంకు (కుదించని శబ్దానికి) పరిమితం చేస్తే సమస్య పోతుంది.

సంభాషణలో రెండో భాగం హెచ్‌డీసీపీ. సినిమాలను నకలు తీయకుండా ఇంటెల్ రూపొందించిన తాళం ఇది. మూలం తాళం వేసి పంపుతుంది, తాళం చెవి ఉన్న తెరే దాన్ని చూపగలదు. మాట్రిక్స్ మధ్యవర్తి కాబట్టి, తన వెనుక ఉన్న తెరల దగ్గర చెవి ఉందో లేదో అది జవాబు చెప్పాలి. పాత 1.4 రకం తాళం ఒక మూలం కింద 127 పరికరాల దాకా, ఏడు అంచెల దాకా ఒప్పుకుంటుంది. 4కె సినిమాలకు వాడే 2.2 రకం 32 పరికరాలు, నాలుగు అంచెల దగ్గరే ఆగుతుంది. మాట్రిక్స్ వెనుక స్ప్లిటర్, దాని వెనుక ఇంకో స్ప్లిటర్ అని పేర్చుకుంటూ పోతే ఒక చోట బొమ్మ ఆగిపోవడానికి కారణం ఇదే.

కళాశాలల్లో ఎదురయ్యే చిక్కు మరొకటుంది. రికార్డింగ్ పెట్టెకు తాళం చెవి ఉండదు. కొన్ని ల్యాప్‌టాప్‌లు, అవతలి వైపు తాళం అర్థమవుతుందని తెలియగానే, సొంత స్లైడ్లకు కూడా తాళం వేసేస్తాయి. అధ్యాపకుడు తాను తయారుచేసుకున్న పాఠం రికార్డింగులో నల్లగా వస్తుంది. చాలా మాట్రిక్స్‌లలో ఆయా ఇన్‌పుట్‌కు హెచ్‌డీసీపీని ఆపేసే ఎంపిక ఉంటుంది. దాన్ని ఆపితే ల్యాప్‌టాప్ స్లైడ్లను తాళం లేకుండా పంపుతుంది. సినిమా వేస్తే మాత్రం ఆ ఇన్‌పుట్‌లో అసలు బొమ్మే రాదు. తాళాన్ని పగలగొట్టడం ఇది కాదు, అక్కరలేని చోట వేయవద్దని చెప్పడం మాత్రమే.

శబ్దం దారి

బొమ్మ ఎటు వెళ్తే శబ్దం అటే వెళ్లడం మాట్రిక్స్ సహజ గుణం. ఆ రెంటినీ విడదీయగల సౌకర్యాన్ని ఆడియో బ్రేక్‌అవే అంటారు. తెర మీద ల్యాప్‌టాప్ స్లైడ్లు, స్పీకర్లలో దూరం నుంచి మాట్లాడుతున్న అతిథి గొంతు కావాలంటే ఇది తప్పనిసరి. కొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి, తర్వాత చేర్చలేం.

హాలు స్పీకర్లలో ‘గుయ్’ మనే మోత ఆగకుండా వినిపిస్తుంటే అది 50 హెర్ట్జ్ కరెంటు మోత. ప్రొజెక్టర్‌కు ఒక చోట ఎర్త్, ఆడియో ర్యాక్‌కు వేరే చోట ఎర్త్ ఉండి, రెంటినీ శబ్దం తీగ కలిపితే ఆ తీగలోనే కరెంటు చుట్టు తిరుగుతుంది. దీనికి సరైన మందు ర్యాక్‌కూ వేదిక సాకెట్లకూ ఒకే ఎర్తింగ్ ఇవ్వడం, శబ్దానికి బ్యాలన్స్‌డ్ తీగలు (బయటి మోతను రద్దు చేసే రకం) వాడటం, అదీ కుదరకపోతే మధ్యలో రెండు వైపుల కరెంటునూ విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం. ప్లగ్గులోని ఎర్త్ పిన్నును తీసేస్తే మోత పోతుందని చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. పోతుంది. దానితో పాటు మైకు పట్టుకున్న మనిషికి ఉన్న రక్షణ కూడా పోతుంది. ఆ పని ఎవరు చేస్తున్నా నేను అడ్డుపడతాను.

పెదవులకూ మాటకూ పొంతన చూడటం చివరి పని. శబ్దం బొమ్మ కన్నా 45 మిల్లీసెకన్లు ముందు వస్తే మన కన్ను పట్టేస్తుంది. వెనుకబడితే మాత్రం 125 దాకా గమనించదు. అంతర్జాతీయ టెలీకమ్యూనికేషన్ సంఘం సిఫారసులో ఉన్న అంకెలివి. రోజూ దూరపు శబ్దం ఆలస్యంగా వినడానికి మనం అలవాటు పడ్డాం, ముందుగా వినడం లోకంలో లేదు కదా. స్కేలర్, ఎల్‌ఈడీ తెరను నడిపే ప్రాసెసర్ బొమ్మను ఆలస్యం చేస్తాయి కాబట్టి శబ్దానికీ కొంత ఆలస్యం చేర్చాలి. హాలు మధ్య వరుసలో కూర్చుని సరిచూడాలి. స్పీకర్ నుంచి 20 మీటర్ల వెనుక ఉన్నవారికి గాలిలోనే దాదాపు 60 మిల్లీసెకన్లు కలుస్తాయి.

నడిపేటప్పుడు

కరెంటు ఇచ్చే వరుసలో ముందు తెరలు, తర్వాత మాట్రిక్స్, చివర ల్యాప్‌టాప్, ప్లేయర్ల వంటి మూలాలు రావాలి. పత్రం చూపించేవారు సిద్ధమయ్యాకే చదివేవారు రావాలి. మొదటి పరీక్ష కోసం 64 కూడళ్లనూ ఒక్కొక్కటిగా చూడనక్కరలేదు. ఒకటో ఇన్‌పుట్‌ను అన్ని తెరలకూ పంపి చుట్టూ నడిచి చూడాలి, తర్వాత రెండోది. ఎనిమిది నడకల్లో అన్ని కూడళ్లూ తేలిపోతాయి. ఆ తర్వాత ప్రిసెట్లు, అంటే ముందే దాచుకునే అమరికలు: ‘ప్రారంభం’, ‘ఉపన్యాసం’, ‘జూమ్ అతిథి’, ‘విరామం’ అని, హాలు నడిపేవారికి అర్థమయ్యే పేర్లతో. ముందు ప్యానెల్‌కు లాక్ వేయాలి, ఎవరి మోచేయి తగిలినా తెర మారకుండా.

బయటి ట్యాబ్లెట్ నుంచో కంట్రోల్ బోర్డు నుంచో నడపాలంటే సీరియల్ తీగ మీద గానీ నెట్‌వర్క్ మీద గానీ ఆజ్ఞలు పంపాలి. ఎక్స్‌ట్రాన్ సంస్థ మాట్రిక్స్‌కు ‘3*2!’ అని పంపితే మూడో ఇన్‌పుట్ రెండో అవుట్‌పుట్‌కు వెళ్తుంది. ఆశ్చర్యార్థకానికి బదులు డాలర్ గుర్తు పెడితే శబ్దం ఒక్కటే వెళ్తుంది. బ్లాక్‌మ్యాజిక్ సంస్థ మాట్రిక్స్ అయిన వీడియోహబ్‌కు ఇదే పని చెప్పాలంటే నెట్‌వర్క్‌లో 9990 పోర్టు మీద రాయాల్సిన అంకెలు ‘1 2’. అక్కడ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, పైగా అవుట్‌పుట్ ముందు, ఇన్‌పుట్ వెనుక. ఒక సంస్థ పరికరం తీసి ఇంకో సంస్థది పెట్టినప్పుడు అన్ని తెరల్లోనూ ఒక గడి పక్కకు జరిగిన బొమ్మ వచ్చిందంటే ఈ తేడానే వెతకాలి. మాట్రిక్స్‌కు స్థిరమైన ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు సంఖ్య) ఇవ్వడం మరచిపోవద్దు. తనంతట తాను చిరునామా తెచ్చుకునే ఏర్పాటులో ఉంచితే ఒక రోజు కంట్రోల్ బోర్డుకు అది దొరకదు.

మన దగ్గర కరెంటు పోవడం, జనరేటర్ అందుకోవడం మధ్య కొన్ని సెకన్లు గడుస్తాయి. ఆ కొన్ని సెకన్లకే మాట్రిక్స్ మొదటి నుంచి లేస్తుంది, కొన్ని పెట్టెలు పాత అమరికను గుర్తుంచుకుంటాయి, కొన్ని ఒకటో ఇన్‌పుట్‌ను ఒకటో తెరకు, రెండోదాన్ని రెండో తెరకు అని సర్దేస్తాయి. మీది ఏ రకమో కార్యక్రమానికి ముందే ప్లగ్గు లాగి చూడండి. మాట్రిక్స్‌తో పాటు హెచ్‌డీబేస్‌టీ రిసీవర్లకూ (తెర దగ్గర ఆ తీగను అందుకునే పెట్టెలకూ) యూపీఎస్ ఇవ్వండి. ఆ సెమినార్ హాలు ర్యాక్ తలుపు లోపలి వైపు ఇప్పుడు ఒక కాగితం అంటించి ఉంది: ఏ ఇన్‌పుట్‌కు ఏ ఈడీఐడీ, దేనికి హెచ్‌డీసీపీ ఆపి ఉంది, ఐపీ చిరునామా, ప్రిసెట్ల పేర్లు. ఆ రాత్రి తొమ్మిదిన్నర తర్వాత మొదట రాసింది దానినే.